కొంగ దగ్గర మొదలుపెట్టండి: పక్షుల ఫొటోలపై మీ ప్రశ్నలు

చలి మొదలైతే చాలు, విశాఖ నుంచి వచ్చే ఉత్తరాల నిండా పిట్టలే. అందుకే ఈసారి కెమెరా శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాం. మరీ పొడవైన ప్రశ్నల్ని కుదించాం, ఒకే సంగతి అడిగినవాళ్ళని ఒకచోట కలిపేశాం.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళినప్పుడు పిట్టల్ని చూసి ఫొటోలు తీయాలని సరదా పుట్టింది. డెబ్బై వేల దాకా పెట్టగలను. వాకింగ్ మిత్రుడొకాయన 600 ఎంఎం లెన్స్ లేకపోతే పక్షుల జోలికే పోవద్దంటున్నారు. మా అబ్బాయేమో ‘ముందు ఏదో ఒకటి కొనేయండి నాన్నా, తర్వాత చూద్దాం’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఎంవీపీ కాలనీ పాఠకుడు

జవాబు: ఇద్దరి మాటా వినకండి సార్. ఎంఎం అంకె ఎంత పెద్దదైతే దూరాన ఉన్న పిట్ట అంత దగ్గరగా కనిపిస్తుంది. 600 ఎంఎం దాకా వెళ్ళే సిగ్మా, టామ్రాన్ జూమ్ లెన్స్‌లు మంచివే, కాదనను. కానీ ఒక్కోటీ దాదాపు రెండు కిలోలు, కెమెరా బాడీ తగిలిస్తే మూడు కిలోలకి దగ్గర పడుతుంది. దాన్ని మెడలో వేసుకుని వాకింగ్‌కి వెళ్ళడం మొదటి వారం బాగానే ఉంటుంది, రెండో వారం నుంచి అది బీరువాలో ఉంటుంది, మీరు మటుకు ఎప్పట్లాగే వాకింగ్‌కి వెళ్తుంటారు.

మీ బడ్జెట్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, లెన్స్ మార్చే పని లేని సూపర్‌జూమ్ కెమెరా. నికాన్ పీ950 లాంటిది అన్నమాట, 83 రెట్ల జూమ్, 2000 ఎంఎం లెన్స్‌తో సమానమైన దూరం అందుతుంది, బరువు కిలో. ఏ పిట్టో గుర్తుపట్టడానికీ మనవలకి చూపించడానికీ బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇబ్బందల్లా అందులో బొమ్మని పట్టే సెన్సర్ చిటికెన వేలి గోరంత ఉండటమే. వెలుగు తగ్గిందా, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలొస్తాయి, ఎగిరే పిట్టని పట్టుకోవడమూ కష్టం. రెండో దారి, సెకండ్ హ్యాండ్‌లో, లెన్స్ మార్చుకోగలిగే డీఎస్ఎల్ఆర్ కెమెరా బాడీ ఒకటి, దానికి 70-300 ఎంఎం లెన్స్. క్రాప్ సెన్సర్, అంటే పాత ఫిల్మ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న బాడీ మీద 300 ఎంఎం అంటే నికాన్‌లో 450కీ, కెనాన్‌లో 480కీ సమానం. నేర్చుకోవాలన్న కోరిక నిజంగా ఉంటే నా ఓటు రెండోదానికే. షట్టర్ (వెలుగు ఎంతసేపు లోపలికి రావాలో), ఎపర్చర్ (వెలుగు వచ్చే కన్నం ఎంత ఉండాలో), ఐఎస్ఓ (వచ్చిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో) మూడింటినీ మీ చేత్తో తిప్పి, ఏది మారిస్తే బొమ్మలో ఏం మారుతుందో చూసుకునే వీలు అందులో ఎక్కువ.

పాత లెన్స్ కొనేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు వైపులా మూతలు తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కాస్త పక్కవాటుగా చూడండి. సాలీడు దారాల్లాంటి తెల్లని పాయలు కనిపిస్తే అది ఫంగస్, బేరం ఎంత బాగున్నా వదిలేయండి. సముద్రం గాలికి మన ఊళ్ళో ఈ జబ్బు ఎక్కువ. ఇంకో మెలిక కూడా ఉంది. నికాన్‌లో పేరు మీద ఏఎఫ్-పి అని ఉండే లెన్స్‌లు డీ90, డీ7000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ కావు. ఏది కొన్నా మీ బాడీ మీద అక్కడికక్కడే పెట్టించి చూసుకున్నాకే డబ్బులివ్వండి. పెళ్ళి ఫొటోగ్రాఫర్లకి కెమెరాలు అద్దెకిచ్చే షాపు దగ్గర్లో ఉంటే ఒక ఆదివారం తీసుకుని చూడటం అన్నిటికన్నా చవక.

ప్రశ్న: అన్న కెమెరా వాడుతున్నాను, కెనాన్ 1500డీ, 55-250 లెన్స్. మా కాలేజీ చెట్ల మీద గోరింకలు, లకుముకి పిట్టలు, బుల్‌బుల్‌లు బోలెడు. కానీ వంద తీస్తే తొంభై మసక. ఆటోలో పెట్టినా అంతే, స్పోర్ట్స్ మోడ్‌లో పెట్టినా అంతే. లెన్స్ పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.
– మద్దిలపాలెం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: లెన్స్ పోలేదు, నిశ్చింతగా ఉండండి. మసకల్లో నాలుగు రకాలున్నాయి, మీది ఏ రకమో తేలితే మందు దానంతటదే తెలుస్తుంది. ఫొటోలు కంప్యూటర్‌లో పెట్టి వంద శాతానికి పెంచి చూడండి. పిట్టా కొమ్మా ఆకులూ అన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే మీ చెయ్యి వణికింది. వెనకాల కొమ్మ బెరడు పగుళ్ళతో సహా స్పష్టంగా ఉండి పిట్ట మాత్రమే మెత్తగా ఉంటే ఫోకస్ వెనక్కి వెళ్ళిపోయింది. ఒళ్ళు బాగుండి తల, రెక్కలు చెదిరితే పిట్ట కదిలింది, షట్టర్ దాన్ని అందుకోలేదు. ఇవేవీ కాకుండా అంతా సన్నని పొగలోంచి చూసినట్టు అలలు అలలుగా ఉంటే అది వేడి గాలి. ఎండెక్కాక ఇసుక మీదుగా, తారు రోడ్డు మీదుగా దూరంగా తీస్తే వస్తుంది. లక్షలు పోసిన లెన్స్‌కైనా వస్తుంది, దానికి పొద్దున్నే వెళ్ళడం, దగ్గరికి చేరడం తప్ప మందు లేదు.

కూర్చున్న పిట్టకి షట్టర్ వేగం 1/500 సెకను కన్నా తగ్గనివ్వకండి. మీ లెన్స్ 250 దగ్గర ఉన్నప్పుడు చేతి వణుకుకి కూడా ఆ వేగం సరిపోతుంది. తేనెపిట్టలా నిలకడ లేనివాటికి 1/1000, ఎగిరేవాటికి 1/1600 నుంచి 1/2000. మోడ్ డయల్‌ని టీవీ (Tv) అన్న గుర్తు మీద పెట్టి షట్టర్ మీరు ఎంచుకోండి, ఎపర్చర్ అదే చూసుకుంటుంది, ఐఎస్ఓని ఆటోకి వదిలేయండి. ఐఎస్ఓ పెరిగితే చుక్కలొస్తాయని భయపడి షట్టర్ తగ్గిస్తుంటారు చాలామంది. చుక్కలున్న పిట్టని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కొంతైనా బాగుచేసుకోవచ్చు, కదిలిపోయిన పిట్టని ఎవరూ బాగుచేయలేరు.

ఇక ఫోకస్. ఆటోలో ఉంటే కెమెరా తనకి దగ్గరగా ఏది కనిపిస్తే దాన్ని పట్టుకుంటుంది, పిట్టకి ముందున్న ఆకు దానికి ముద్దు. తొమ్మిది ఫోకస్ పాయింట్లలో మధ్యది ఒక్కటే ఉంచండి, కదిలే పిట్ట వెంట ఫోకస్ కూడా కదిలేలా కెనాన్‌లో ఏఐ సర్వో అనే దాన్ని ఎంచుకోండి, ఆ పాయింట్‌ని పిట్ట కంటి మీద పెట్టండి. తోక మసకైనా ఫరవాలేదు, కన్ను పదునుగా ఉంటే చూసేవాళ్ళకి మొత్తం బొమ్మే పదునుగా కనిపిస్తుంది. ఆ కంటిలో ఆకాశం వెలుగు చిన్న చుక్కగా మెరిస్తే ఇంకేం కావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కెమెరాలో ఉండదు. గోరింకల వెంట చెట్టు చెట్టుకీ పరిగెత్తడం మానేసి ఒక నెల రోజులు కదలని పిట్టలతో కాపురం చేయండి. గుడ్డి కొంగని చూశారా, మురుక్కాల్వ గట్టు మీద మెడ ముడుచుకుని పావుగంటైనా అలాగే నిలబడుతుంది. ఇన్ని సెట్టింగులు మార్చి చూసుకోవడానికి అంత ఓపికగా నిలబడే మోడల్ ఇంకెక్కడ దొరుకుతుంది? చేప కనిపించగానే మెడ కాస్త సాగుతుంది, ఒళ్ళు ముందుకి వాలుతుంది, అది మీకిచ్చే సైగ. బటన్ అప్పుడే నొక్కి పట్టుకోవాలి, ముక్కు నీళ్ళలో పడ్డాక నొక్కితే మీకు మిగిలేది నీటి తుంపర.

దాని తర్వాతి తరగతి కరెంటు తీగల మీద వాలే పసిరిక పిట్టా (బీ-ఈటర్), పసులపోలిగాడూ (డ్రాంగో). ఇవి ఎగిరి పురుగుని పట్టుకుని చాలాసార్లు బయల్దేరిన చోటికే తిరిగొస్తాయి. అందుకని పిట్ట వెళ్ళిపోయిందని కెమెరా దించకుండా, ఆ తీగ మీదే ఫోకస్ ఉంచుకుని నిలబడండి. పసిరిక పిట్ట తేనెటీగని తెచ్చి తీగకేసి బాది బాది, ముల్లు సంగతి తేల్చుకున్నాకే మింగుతుంది. ఆ బాదేంతసేపూ మీకు ఫొటోల పండగే.

ప్రశ్న: తెల్లకొంగని తీస్తే సున్నం ముద్దలా వస్తోంది, ఈకలే కనపడవు. ఆకాశంలో గద్దని తీస్తే నల్లమచ్చ. మా కెమెరాకి రంగులు తెలీవా?
– గాజువాక, భీమిలి నుంచి ఇద్దరు

జవాబు: కెమెరాకి తెల్లకొంగ అని తెలీదు, ఫ్రేమ్ మొత్తం మీద సగటున ఇంత వెలుగు ఉండాలని మాత్రమే దాని లెక్క. వెనక చీకటి చెట్లుంటే ఫ్రేమ్ నల్లగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, పాపం కొంగ వెలుగెక్కువై తెల్లగా మాడిపోతుంది. ఆకాశం తెల్లగా ఉంటే వెలుగు తగ్గించేస్తుంది, గద్ద బొగ్గయిపోతుంది. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఒకటుంటుంది చూడండి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. చీకటి నేపథ్యంలో తెల్లకొంగకి మైనస్ 1, తెల్లటి ఆకాశంలో గద్దకి ప్లస్ 1, ఒక్కోసారి ప్లస్ 1.5 పెట్టండి. తీసిన ఫొటోలో మాడిన చోట్లు తెర మీద మిణుకుమిణుకుమనేలా పెట్టుకునే సౌకర్యం చాలా కెమెరాల్లో ఉంది, దాన్ని ఆన్ చేసుకుంటే ఇంటికొచ్చాక ఏడవక్కర్లేదు. రా ఫార్మాట్‌లో, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా అలాగే దాచే ఫైలుగా తీస్తే నల్లమచ్చలోంచి ఈకల్ని కొంతవరకు పైకి లాగొచ్చు. పూర్తిగా మాడిన తెలుపులోంచి మాత్రం ఏమీ రాదు, అందుకే తెల్లపిట్టలతో వెలుగు దగ్గర పిసినారితనమే మంచిది.

ప్రశ్న: కారు లేదు, బండి ఉంది. విశాఖలో, చుట్టుపక్కల కొత్తవాళ్ళు ఎక్కడికి వెళ్తే బాగుంటుంది? కంబాలకొండకి వెళ్ళొచ్చాం, ఒక్క మంచి ఫొటో రాలేదు.
– గాజువాక స్నేహితుల బృందం

జవాబు: కంబాలకొండ అడవి, అక్కడ పిట్ట కనిపించేదానికన్నా వినిపించేది ఎక్కువ. కొమ్మల చీకట్లో ఐఎస్ఓ 6400 దాటినా షట్టర్ చాలదు. నడవడానికి, వినడానికి వెళ్ళండి, ఫొటోల కోసం మాత్రం అడవికన్నా ముందు నీటి ఒడ్డుకి పోండి.

ముడసర్లోవ రిజర్వాయర్‌తో మొదలుపెట్టండి. నీటికాకులు, నామాల కోళ్ళు, గుడ్డి కొంగలు, లకుముకి పిట్టలు, చలికాలంలో వలస వచ్చే బాతులు ఉంటాయి. నీటి మీద తేలే సోలార్ పలకలున్నాయి కదా, అవి బ్యాక్‌గ్రౌండ్‌లోకి రాకుండా నాలుగడుగులు పక్కకి జరిగి తీయండి. గట్టు మీద నిలబడి కిందకి చూస్తూ తీసినదానికీ, కూర్చుని పిట్ట ఎత్తుకి దిగి తీసినదానికీ ఎంత తేడా ఉంటుందో ఒకే పిట్టతో చేసి చూడండి. ప్యాంటుకి బురద అంటుతుంది, అంటనివ్వండి.

బీచ్ సంగతికొస్తే మన ఊరి సూర్యుడితో ఒక పేచీ ఉంది. పొద్దున్న సముద్రం మీంచి లేస్తాడు కాబట్టి, రుషికొండలోనో తెన్నేటి పార్కు రాళ్ళ దగ్గరో సముద్రానికేసి తీస్తే పిట్టలన్నీ నల్లని నీడబొమ్మలే అవుతాయి. నీడబొమ్మే కావాలంటే సరే. రంగులు కావాలంటే సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి, ఎండ మీ వీపు వైపు నుంచి, పిట్ట ముఖం మీద పడుతుంది. కొండల చాటుకి వెళ్ళే సూర్యుడు కాబట్టి వెలుగు అనుకున్నదానికన్నా ముందే పోతుంది, అదొక్కటి గుర్తుంచుకోండి. ఎగిరే పిట్టల్ని ప్రాక్టీస్ చేయాలంటే చేపల పడవలు ఒడ్డుకొచ్చే చోటు చూసుకోండి. తెల్లతల, ఇటుకరంగు రెక్కల గరుడ పక్షులు నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ కిందకి దిగుతాయి, కొత్త చేతికి అంతకన్నా అనువైన ఎగిరే పిట్ట లేదు.

మీకు గాజువాక నుంచి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు అచ్యుతాపురం మీదుగా దగ్గరే. రెండు తాటి దుంగలు జత కట్టిన దోనెల్లో తిప్పుతారు. నీటికి జానెడు ఎత్తులో కూర్చుంటారు కాబట్టి పైన చెప్పిన ఆ ఎత్తు కష్టపడకుండానే దొరుకుతుంది. తామరాకుల మీద పొడుగు వేళ్ళతో నడిచే జకానాలు, ఊదారంగు నీటికోళ్ళు అక్కడి విశేషం. ట్రైపాడ్ మోసుకెళ్ళకండి, దోనె ఊగుతుంటే అది ఎందుకూ పనికిరాదు. షట్టర్ 1/1000 పెట్టుకుని చేత్తోనే తీయండి. దోనె నడిపే ఆయనతో ముందే ఒక మాట చెప్పండి, ‘గుంపు మీదకి పోనివ్వద్దు బాబాయ్, పక్కగా ఆపు చాలు’ అని. పర్యాటకులు రెక్కల చప్పుడు చూసి కేరింతలు కొడతారని పిట్టల మీదకి తోలడం చాలాచోట్ల అలవాటు.

ఇంకో సంగతి, ఇది సరదాకి చెప్పట్లేదు. మనది నేవీ ఊరు, ఊళ్ళోని విమానాశ్రయం కూడా నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగాలోదే. పోర్టు, నేవీ, విమానాశ్రయం గోడల దగ్గర పొడుగు లెన్స్ ఎత్తకండి. గోడ మీద ఎంత మంచి లకుముకి పిట్ట ఉన్నా సరే. ఫొటోగ్రఫీ నిషేధం అన్న బోర్డు కనిపిస్తే కెమెరా సంచిలోకి పోవాలి, డ్రోన్ ఆలోచనైతే అసలే వద్దు.

ప్రశ్న: మా బాల్కనీలో బట్టల తీగకి తేనెపిట్ట గూడు కట్టింది. పిల్లలు రోజూ ఫొటో తీస్తామని గొడవ. వెలుగు చాలట్లేదని గూడుని కాస్త ఇవతలికి జరపొచ్చా అండీ?
– సీతమ్మధార గృహిణి

జవాబు: జరపొద్దమ్మా. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం పక్షుల గూళ్ళనీ గుడ్లనీ చెదరగొట్టడం కూడా వేట కిందికే వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, జరిపిన గూటిని తల్లి వదిలేసి పోయే ప్రమాదం ఉంది. తీగ మీద బట్టలు ఆరేయడం ఒక నెల రోజులు మానుకోగలిగితే చాలు. పొదగడానికి సుమారు రెండు వారాలు, పిట్ట పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాల పైచిలుకు.

ఈలోగా మీ పిల్లల్ని గూటిని బాగా చూడమనండి, ఫొటోకన్నా అదే పెద్ద వినోదం. వేలాడే సంచీలా ఉంటుంది. పీచు, బెరడు ముక్కలు, ఎండు చెత్త అన్నిటినీ సాలెగూటి దారంతో అతికిస్తుంది. పక్కన చిన్న కన్నం, దాని మీద వాన పడకుండా చూరులాంటి కొస. కట్టేదీ పొదిగేదీ ఎక్కువగా ఆడపిట్టే, పిల్లలకి మేత తేవడానికి మగపిట్ట కూడా వస్తుంది. ఫొటోలు గదిలోంచి తీయండి. గదిలో లైట్లు ఆపేసి, కర్టెన్ సందులోంచి, కిటికీ అద్దం తుడిచి, లెన్స్‌ని అద్దానికి ఆనించి తీస్తే ప్రతిబింబం రాదు. ఫ్లాష్ వద్దు. ఆడపిట్ట మేత నోట్లో పెట్టుకుని గూటికి రాకుండా ఎదురు తీగ మీదే కూర్చుని అరుస్తుంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం, లోపలికి వెళ్ళిపోండి. ఇంకొక్క మాట, గూడు ఫొటోని అడ్రసుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టకండి, రేపటికల్లా మీ గుమ్మం ముందు లెన్స్‌లు వరస కడతాయి.

ప్రశ్న: ఫోన్‌లో పక్షి కూత ప్లే చేస్తే అదే దగ్గరికొస్తుందని మా సీనియర్ చెప్పాడు. నిజమేనా?
– పెందుర్తి

జవాబు: వస్తుంది, అందుకే చేయకూడదు. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని మేత, గూడు వదిలేసి కొట్లాటకి వస్తుంది పాపం. కూతల్ని నేర్చుకోవడానికి వినండి. మెర్లిన్ అనే ఉచిత యాప్ మీ చుట్టూ ఏ పిట్ట కూస్తోందో విని పేరు చెబుతుంది. అది చెప్పిన పేరుని మాత్రం కళ్ళతో చూసి రూఢి చేసుకోండి, యాప్‌లు కూడా పొరబడతాయి.

ప్రశ్న: మాది పెదవాల్తేరు, బీచ్‌కి దగ్గర. కెమెరాని ఎలా దాచుకోవాలి?

జవాబు: తోలు సంచిలో, చెక్క బీరువాలో మాత్రం వద్దు, రెండూ తేమ పట్టుకుంటాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య చూపించాలి. పొట్లాలు రంగు మారితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. బీచ్ నుంచి రాగానే ఆరిన గుడ్డతో రుద్దేయకండి, ఉప్పు రేణువులు గీతలు పెడతాయి. ముందు బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డితో) ఊది, తర్వాత కాస్త తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బాడీ తుడవండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, సంచి జిప్పు తీయకుండా పావుగంట బయట ఉంచి అప్పుడు తీయండి.

ప్రశ్న: ఫోన్‌తో అవుతుందా? – చాలామంది

జవాబు: బాల్కనీకొచ్చే పిచ్చుకకీ పావురానికీ అవుతుంది. ముడసర్లోవ మధ్యలో బాతుకి కాదు. బైనాక్యులర్స్ ఉంటే, మనం కన్ను పెట్టి చూసే అద్దాల్లో ఒకదానికి ఫోన్ కెమెరా ఆనించి తీయండి, గుర్తు కోసం పనికొస్తుంది.

ప్రశ్న: ముడసర్లోవలో తీసిన ఫొటో పంపుతున్నాను. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద తెల్లమచ్చ, బాతులా ఈదుతోంది. ఇది ఏ బాతు?
– ఆరిలోవ పాఠకురాలు

జవాబు: బాతు కాదండీ, నామాల కోడి. ఇంగ్లిష్‌లో కూట్ అంటారు. ముక్కు, నుదురు తెలుపైతే ఇది, ముక్కు మొదలూ నుదురూ ఎరుపైతే మూర్‌హెన్, అక్కడ రెండూ కనిపిస్తాయి కాబట్టి తికమక సహజమే. మీ ఫొటోలో పిట్ట బాగానే ఉంది కానీ చుట్టూ ఖాళీ నీళ్ళే. చూసే దిక్కున కాస్త ఎక్కువ ఖాళీ ఉంచి మిగతాది కత్తిరిస్తే (క్రాప్ చేస్తే) ఫొటో నిలబడుతుంది. ఇవి జగడాలమారి పిట్టలు, ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఎగరాలన్నా ముందు నీటి మీద టపటపా పరిగెడతాయి. మెడలు కిందకి చాచి ఒకదానికేసి ఒకటి చూసుకోవడం మొదలెట్టాయంటే షట్టర్ 1/1600కి మార్చి, వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ మోడ్ పెట్టుకుని సిద్ధంగా ఉండండి. వచ్చిందాంట్లో బాగున్నది మాకు పంపండి, పైనెల సంచికలో వేస్తాం.